సొంత బావిలో దిగని పాతాళ గరిగె

నేను ఒక కొక్కేల గుత్తిని. మీ తాతల్నడగండి, పాతాళ గరిగె అని చెబుతారు. బావిలో బొక్కెన పడినా, బిందె జారినా, కొత్తకోడలి చేతిలోంచి అత్తగారి చెంబు మునిగినా నన్ను తాడుకు కట్టి దించేవాళ్ళు. నేను అడుగంతా గోకి, దొరికినదాన్ని నా పన్నెండు కొక్కేల్లో ఏదో ఒకదానికి తగిలించుకుని పైకి తెచ్చేదాన్ని. ఇప్పటి పిల్లలకు బావే తెలియదు, గరిగె ఏం తెలుస్తుంది? మొన్న ఒకడు నన్ను చూసి "ఇది మాంసం కొట్లో వేలాడదీసేదా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రవ్వంత తుప్పు రాల్చి ఊరుకున్నాను.

నా పుట్టుక కనిగిరి వైపు, నల్లగుంట్లపాలెంలో. వీరాచారి అనే కమ్మరి అరిగిపోయిన నాగలి కర్రులూ విరిగిన బండిపట్టా కలిపి కాల్చి నన్ను కొట్టాడు. ఎర్రగా కాలిన నన్ను నీళ్ళ తొట్టిలో ముంచితే లేచిన ఆవిరికి కొలిమి కప్పు మీద వాలిన కాకి ఉడికి కింద పడిందని చెప్పేవాడు. నేను చూడలేదు. అయితే వీరాచారి అబద్ధాలాడే మనిషి కాడు, ఉన్నదాన్ని కాస్త సాగదీసి చెబుతాడంతే. ఇనుము సాగదీసే చెయ్యి కదా! ఆ గుణం సుత్తి దెబ్బల్లోంచి నాకూ అంటింది. కనుక నేను చెప్పేదాంట్లో కాకుల సంగతి మీరు నమ్మకపోయినా ఫరవాలేదు. మనుషుల సంగతి మాత్రం నమ్మండి.

నన్ను చేయించుకున్నది చెంచురామయ్య. ఊళ్ళో పెద్ద రైతు, నోరు పెద్దది, మనసు అంత పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఆయన పెరట్లో బావి పన్నెండు నిలువుల లోతు. పైనుంచి రాయి వేస్తే అది నీళ్ళు తాకేలోపు ఒక ముక్క మాట్లాడుకోవచ్చు. అంత బావి ఉన్న ఇంట్లో పుట్టి కూడా నేను అందులో ఒక్కసారీ దిగలేదు. మా వైపు అదొక కట్టుబాటు. గరిగె ఉన్న ఇంటివాళ్ళు తమ గరిగెను తమ బావిలో దించకూడదు. దించితే గంగమ్మ "కొక్కేలు చేయించి పెట్టుకుని నాలో ఎప్పుడేం పడుతుందా అని కాచుకున్నావా?" అని అలుగుతుందట, ఇంట్లోవాళ్ళనే లాక్కుంటుందట. అందుకని చెంచురామయ్య ఇంట్లో బొక్కెన పడితే నాలుగు మైళ్ళ అవతలి ఊరినుంచి వేరే గరిగెను తెచ్చుకునేవాళ్ళు. పరాయి గరిగె మా పెరట్లో దర్జాగా దిగుతుంటే నేను పంచలో మేకుకు వేలాడుతూ సవతిని చూసినట్టు చూసేదాన్ని.

బయట మాత్రం నాకు తిరుగులేదు. ఊళ్ళో ఉన్న పద్నాలుగు బావుల గుట్టూ నాకు తెలుసు. దొంగలు ఎత్తుకుపోయారని ఒక పెద్దమనిషి ఊరంతా చాటించిన పెళ్ళాం వెండి కడియాలు, ఆయన బావిలోంచే, ఆయన తువ్వాల్లో మూటకట్టి ఉండగా, నా మూడో కొక్కేనికి తగిలి వచ్చాయి. ఆ రోజు ఆయన నావైపు చూసిన చూపుకి నేను ఇంకోసారి కొలిమిలో పడ్డంత పనైంది.

ఇక అసలు సంగతి. పందొమ్మిది వందల డెబ్భై మూడు, వైశాఖ మాసం.

మా ఊళ్ళో కోటిలింగం అని ఒకాయన ఉండేవాడు. గవర్నమెంటు తరఫున ఊరూరా సైకిలు మీద తిరిగి ఇళ్ళల్లో మలేరియా మందు కొట్టేవాడు. ముప్పై ఏళ్ళవాడు, బక్కపలచని మనిషి, మాట తక్కువ. మందు కొట్టాక గోడ మీద ఎర్రమట్టితో ఆ రోజు తేదీ, తన పొడి అక్షరాల సంతకం, మళ్ళీ వచ్చే తేదీ రాసేవాడు. ఆయన భార్య ఆదెమ్మ. పిల్లలు లేరు.

చెంచురామయ్య మందు కొట్టనివ్వలేదు. బియ్యం బస్తాలున్నాయి, దేవుడి గూడుంది, వీల్లేదన్నాడు. కోటిలింగం ఎర్రమట్టి ముద్ద తీశాడు. వాకిట్లో గోడ మీద "ఈ ఇంటివారు వద్దన్నారు" అని రాసి తేదీ వేశాడు. అంతే! చెంచురామయ్య పంచె ఎగ్గట్టి వీధిలోకి వచ్చాడు.

"ఏందిరా ఇది? ఊరందరికీ కనపడేట్టు నా గోడ మీద నా పరువు రాస్తావా? ఇంకోసారి మా వాకిట్లో నీ సైకిలు దిగిందా, నిన్నూ దాన్నీ కలిపి బావిలో ఏస్తా!"

ఆ మాట పదిమంది విన్నారు. నేనూ విన్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం చెంచురామయ్య ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని మాలకొండకు పోయారు. అక్కడి స్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారు కదా, ఆ రోజు సగం ఊరు అక్కడే ఉంటుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. నేను పంచలో మేకుకు ఉన్నాను. పెరటి తడిక కిర్రుమంది. ఎవరో నడిచారు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత బావిలో ధభేలుమని శబ్దం. బొక్కెన పడ్డ శబ్దం కాదు, బిందె పడ్డ శబ్దమూ కాదు. నలభై ఏళ్ళుగా వింటున్న ఆ శబ్దాలన్నీ నాకు అఆలు. ఇది పెద్ద బరువు. గంపకింది కోళ్ళు ఒక్కటే గోల. ఆ గోలలో మళ్ళీ అడుగుల చప్పుడు వెళ్ళిందో లేదో నాకు వినబడలేదు.

ఆదివారం ఆదెమ్మ మొగుడు ఇంటికి రాలేదని ఇల్లిల్లూ తిరిగింది. సోమవారం పోలీసులకు చెప్పారు. మందు కొట్టే పంపు ఇంట్లోనే ఉంది. మనిషి లేడు, సైకిలు లేదు.

మంగళవారం ఎస్సై వచ్చి ఊళ్ళో బావులన్నీ వెతికించమన్నాడు. చెంచురామయ్యే నన్ను మేకు మీదనుంచి తీసి ఇచ్చాడు. ఆయన చెయ్యి చెమటగా ఉంది. ఎండాకాలం కదా అనుకోవచ్చు మీరు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

రెండు రోజుల్లో పదమూడు బావులు. మీరు ఎప్పుడైనా ఒక మనిషి కోసం దిగారా? చెంబు కోసం దిగడం వేరు. తగిలితే సంతోషం. ఇక్కడ తగలకూడదని దిగాలి, తగిలేదాకా గోకాలి. ప్రతి బావి దగ్గరా ఆదెమ్మ గట్టు రాయి పట్టుకుని నిలబడేది. తాడు బరువెక్కినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకునేది. పైకి వచ్చింది ఒకచోట పగిలిన కుండ, ఒకచోట తాటిమొద్దు, ఒకచోట ఎప్పుడో పడిపోయిన రోలు. రోలు వచ్చినప్పుడు, అది నీళ్ళ మీదికి తేలేముందు నల్లగా గుండ్రంగా తలకాయలా కనబడింది. ఆదెమ్మ నిలబడ్డచోటే కూలబడింది. కోటిలింగం తమ్ముడు వెంగయ్య ఆమె మీద నీళ్ళు చల్లి, "రోలు వదినా, రోలే! లే!" అని అరిచాడు.

పదమూడు అయ్యాయి. మిగిలింది చెంచురామయ్య బావి. జనం దాని చుట్టూ చేరారు. ఆ రోజు గోడ మీది రాత చూసి ఆయన చేసిన గర్జన ఎవరూ మరిచిపోలేదు. అయినా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎస్సైయే అన్నాడు:

"దీన్నీ చూసేద్దాం. గరిగె దించండి."

"అయ్యా, అది మా గరిగె. మా బావిలో దించకూడదు, గంగమ్మ అలుగుద్ది" అన్నాడు చెంచురామయ్య.

"ఏమయ్యా, ఇది కేసు. గంగమ్మా గింగమ్మా అంటావేంటి?"

జనం గొణిగారు. కొడుకులున్న ఇల్లు సార్, ఏదన్నా అయితే ఎవరు బాధ్యులు సార్ అన్నారు. చూడండి విచిత్రం. ఆయన హంతకుడేమోనని అనుమానిస్తున్నవాళ్ళే ఆయన ఇంటి కట్టుబాటు తప్పకూడదని పట్టుబట్టారు. పోనీ పక్కూరి గరిగె తెద్దామంటే దానికి మెడ విరిగి కొలిమికి పోయి ఉందట.

చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు. "నాలుగు రోజులైంది. మనిషి పడుంటే మూడోరోజుకే తేలడా? మేం ఈ నీళ్ళే తాగుతున్నాం గదయ్యా!"

"రాయి గట్టి ఏసుంటే తేలడు పెదనాయనా" అంది ఆదెమ్మ.

అంత నెమ్మదిగా అంది. అయినా అందరికీ వినబడింది. చెంచురామయ్య మొహం మీద రక్తపు చుక్క లేదు. నేను నేలమీద పడి ఉండి నాలో నేను అరుస్తున్నాను, దించండ్రా, ఈ ఒక్కదాంట్లో దించండ్రా, ఆ శబ్దం నేను విన్నానురా అని. ఇనుము అరుపు ఎవరికి వినబడుతుంది?

"రేపు పక్కూరిది బాగుచేయించి తెస్తాంలే" అన్నారు. ఆ రేపు రాలేదు. ఆ సాయంత్రమే గూడూరునుంచి ఒక కార్డు వచ్చింది, కోటిలింగం లాంటి మనిషి రైలు స్టేషన్లో టీ తాగుతుంటే చూశామని. ఎస్సై గూడూరు పోయాడు. టీ తాగినవాడు ఎవరో నెల్లూరు పట్టుచీరెల వ్యాపారి. ఎస్సై తిరిగి వచ్చేసరికి ఆయనకు బదిలీ ఆర్డరు వచ్చి ఉంది. కొత్తాయన కాగితాల మీద "ఆచూకీ తెలియలేదు" అని రాశాడు. అయిపోయింది. పోలీసుల వరకు అయిపోయింది.

ఆదెమ్మకు అవలేదు. ఆమె బొట్టు సంగతి తేలలేదు. మొగుడు చచ్చాడని ఒప్పుకుంటే తుడిచెయ్యాలి, కర్మ చెయ్యాలి. లేదంటే ఉన్నాడని ఎదురుచూడాలి. పన్నెండేళ్ళు గడిచాక వెంగయ్య పంతులుగార్ని వెంటపెట్టుకొచ్చాడు.

"వదినా, శాస్త్రం ప్రకారం దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యొచ్చంట. తేలని చావుతో ఇంట్లో శుభకార్యం ఎట్ట చేసేది? నా కూతురికి సంబంధాలొస్తున్నయ్యి."

"శవాన్ని చూపించు వెంగయ్యా, ఇప్పుడే తుడుస్తా. బొమ్మకి ముండమొయ్యను."

ఆమె ఊరు దాటి ఒక్క రోజు ఎక్కడా నిద్ర చెయ్యలేదు. పుట్టింట్లో చెల్లెలి పెళ్ళికి పోయి, తాళి కట్టడం చూసి, మధ్యాన్నం బస్సుకు తిరిగొచ్చింది. ఆయన వచ్చి తలుపు కొడితే తియ్యడానికి మనిషుండాలి కదా అనేది. అలా చుట్టుపక్కల ఏ ఊరూ చూడకుండానే ఆమె జుట్టు నెరిసింది. ఎవరన్నా నన్ను అరువుకు తీసుకుపోతుంటే దారిలో ఆగి అడిగేది, "ఏం దొరికింది?" అని. "బొక్కెన" అంటే తలూపి పోయేది.

చెంచురామయ్య సంగతి ఇంకా చెడ్డది. కేసు చల్లబడ్డ ఏడాదికి బావి మీద బండ వేయించాడు. నీళ్ళు ఉప్పనయ్యాయన్నాడు. వీధి బావినుంచి నీళ్ళు మోయించాడు. బండ వేశాక జనం అనుమానానికి కాళ్ళు చేతులు వచ్చాయి. పొద్దున్నే లేచి ఆ బండ మీద కూర్చునేవాడు, మనిషిని తొక్కిపెట్టినట్టు. నేను పంచలోంచి ఆయన వీపునే చూస్తూ ఉండేదాన్ని. నన్ను చేయించిన మనిషి, నాకు ఆయుధపూజనాడు పసుపు రాసిన మనిషి. చంపాడా? ఆ శనివారం ఈయన మాలకొండలో ఉన్నాడు. అయినా మనిషిని పురమాయించలేడా? ఇన్నేళ్ళూ నాలో ఆ కొక్కెం అలా గుచ్చుకునే ఉంది.

మంచం పట్టాక ఒకరోజు ఆయన భార్య మాలకొండమ్మ నిలదీసింది. నేను విన్నాను.

"నువ్వేం చెయ్యలేదు గదా?"

"దేవుడి మీద ఒట్టే, నేనేం చెయ్యలేదే!"

"మరి బండ తీసి చూపియ్యరాదా? ఊరి నోరన్నా మూతబడుద్ది."

ఆయన గోడవైపు తిరిగాడు. తర్వాత అన్నాడు, "తీసి చూస్తే... ఉంటే?"

ఉంటే తన మెడకే చుట్టుకుంటుంది. ఆ ఒక్క భయంతో ఆయన ఏ పాపమూ చెయ్యకుండానే పాపిలా బతికి పోయాడేమో. మనుషులు లోతుకు భయపడరు. అడుగుకు భయపడతారు.

రెండువేల నాలుగులో ఆయన కొడుకు మాల్యాద్రి పెరట్లో బోరు వేయించాడు. బావి పూడ్చేద్దామని మట్టి ట్రాక్టరు తెప్పించి బండ తీయించాడు. ఆ సంగతి తెలిసి ఆదెమ్మ వచ్చింది. యాభై అయిదేళ్ళ మనిషి. నుదుట రూపాయంత బొట్టు. ట్రాక్టరుకు అడ్డంగా నిలబడింది.

"తమ్ముడూ, పూడ్చబోయేముందు ఒక్కసారి గరిగె దించు."

"అక్కా, అది మా గరిగె, మా బావి..." మాల్యాద్రి నీళ్ళు నమిలాడు.

"తెలుసు. అందుకే తాంబూలం తెచ్చా." కొంగులోంచి రెండు ఆకులూ వక్కా తీసింది. "ఇందులో పెట్టి గరిగె నాకిచ్చెయ్యి. అప్పుడది నాది, బావి నీది. గంగమ్మకి అభ్యంతరమేముండాది?"

ముప్పై ఒక్క ఏళ్ళు ఊరంతటికీ తట్టని ఉపాయం! ఎస్సైలకూ తట్టలేదు, పంతుళ్ళకూ తట్టలేదు. మాల్యాద్రి పెళ్ళాం వైపు చూశాడు, జనం వైపు చూశాడు. కాదంటే తండ్రి పేరు ఇక ఎప్పటికీ కడగలేడని అతనికీ తెలుసు. నన్ను మేకు మీదనుంచి తీసి, తమలపాకులు పెట్టి, ఆమె రెండు చేతుల్లో ఉంచాడు. అలా నేను ఆదెమ్మదాన్నయ్యాను. నాకు తాడు ముడి ఆమే వేసింది.

దిగుతున్నాను. రాళ్ళ సందుల్లో పాడుబడ్డ పిచ్చుక గూళ్ళు దాటాను. వెలుతురు పళ్ళెమంతైంది, చెంబు మూతంతైంది. నీళ్ళు చల్లగా, నల్లగా ఉన్నాయి. అడుగున బురద. ఒకవైపు గోకాను, ఏమీ లేదు. ఇంకోవైపు గోకాను. అప్పుడు తగిలింది. మొద్దు కాదు. రోలు కాదు. సన్నగా ఉంది, వంపు తిరిగి ఉంది, పక్కటెముకలా. నా ఏడో కొక్కెం దాని కిందికి దూరింది. తాడు బిగిసింది.

పైనుంచి నలుగురు లాగారు. సగం దూరం వచ్చి జారి పడింది. బావి అంతా మోగింది.

"ఏందది?" ఎవరో అడిగారు.

"మళ్ళీ దించండి" అంది ఆదెమ్మ. ఈసారి కొంగు నోట్లో పెట్టుకోలేదు.

రెండోసారి నేను వదల్లేదు. మూడు కొక్కేలు బిగించాను. మెడ విరిగినా సరే అనుకున్నాను. నీళ్ళు చీల్చుకుని ముందు హ్యాండిలు వచ్చింది, తర్వాత చక్రం, బురద కారుతూ మొత్తం సైకిలు. గట్టు మీద పెట్టి నీళ్ళు కొట్టారు. మళ్ళీ నన్ను దించారు. సాయంత్రం దాకా మూలమూలా గోకాను. ఇంజను పెట్టి నీళ్ళు కూడా తోడారు. ఒక మనిషి నిచ్చెనల మీద దిగి బురద చేత్తో పిసికి చూశాడు. ఎముక లేదు. గుడ్డపేలిక లేదు.

వెంగయ్య తలపట్టుకున్నాడు. "సైకిలు ఏసి మనిషిని ఇంకోచోట ఏసుంటారు. చంపినోడు ఎంత కంత్రీ..."

ఆదెమ్మ సైకిలు పక్కన కూర్చుని వెనక చక్రం తుడుస్తోంది. అక్కడ ఒక్కసారి చెయ్యి ఆగింది. చువ్వల మధ్యనుంచి తాళం కడ్డీ అడ్డంగా దిగి ఉంది. తాళంచెవి లేదు.

"తాళమేసుంది" అంది.

"అయితే?"

"బావిలో పారేసే సైకిలుకి తాళమెవురేస్తారు వెంగయ్యా? దొంగ ఏస్తాడా, చంపినోడు ఏస్తాడా?" ఆమె గొంతులో ఏడుపు లేదు. "ఇంట్లో మంచం పక్కన పెట్టుకున్నా మీ అన్న తాళమేసేవాడు. చెయ్యి ఊరుకోదు ఆయనకి. దిగాడు, తాళమేశాడు, చెవి జేబులో ఏసుకున్నాడు, దాన్ని ఎత్తి ఇందులో ఏశాడు. నడిచి పోయాడు."

 మాల్యాద్రి మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. బండ మీద కూర్చున్న తండ్రి వీపు అతనికీ గుర్తొచ్చి ఉంటుంది.

నాకైతే సిగ్గేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక సైకిలు చప్పుడు విని మనిషి చావనుకున్నాను. అన్ని శబ్దాలూ అఆలన్నాను చూడండి, ఆ గొప్ప వెనక్కి తీసుకుంటున్నాను.

మర్నాడు కుర్ర ఎస్సై వచ్చాడు. తాళం ఎవడైనా వేసి ఉండొచ్చమ్మా, ఇది సాక్ష్యం కాదు, కావాలంటే కేసు మళ్ళీ తిరగదోడతాను, అర్జీ పెట్టమన్నాడు. మంచి కుర్రాడే.

"వద్దు నాయనా. ఇన్నేళ్ళూ నేను ఎతికా. ఇంక ఆయన్నే నన్ను ఎతుక్కోమను."

వెంగయ్య మాత్రం ఉండబట్టలేక అడిగాడు. "మరి బొట్టు సంగతేంది వదినా? ఉంచుతావా, తీస్తావా? మనవరాలికి ముహూర్తం పెట్టాల..."

"ఇది నా నుదురు వెంగయ్యా. మీ అన్న సైకిలు కాదు, ఇష్టమొచ్చినప్పుడు తాళమేసి పోవడానికి. నువ్వు పోయి ముహూర్తం పెట్టుకో."

ఆ గురువారం పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే ఖాసిం మూడు చక్రాల బండి తొక్కుకుంటూ వచ్చాడు. ఆదెమ్మ సైకిల్ని బండిలో వేయించింది, నన్నూ వేసింది. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. నాలుగు రోజులే అయినా ఆమె నా యజమాని. కానీ ఈ బావి పూడ్చేస్తున్నారు, ఊళ్ళో మిగతా బావులన్నీ ఎండిపోయాయి, నాకు ఇక దిగే చోటు లేదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఉల్లిపాయలు మాత్రం తీసుకోలేదు. "ఎవురికి వొండిపెట్టేది? నేను ఊళ్ళో ఉండటం లేదు" అంది. ఖాసిం అర్థంగాక తల గోక్కున్నాడు.

ఇప్పుడు నేను కనిగిరి తుక్కు కొట్లో ఉన్నాను. నా పక్కన ఆ సైకిలు. అడుగుతాను దాన్ని, ఎక్కడికి పోయాడే, ఎందుకు పోయాడే అని. అదేం చెబుతుంది? దానికి తెలిసింది ఇంతే, జేబులో తాళంచెవి వేసుకున్న మనిషి వెనక్కి చూడకుండా పోయాడని. రేపో ఎల్లుండో మమ్మల్నిద్దర్నీ కలిపి కరిగిస్తారట. ఇనప కడ్డీలవుతామట. నిజం తేలలేదన్న దిగులు నాకు కాస్త ఉంది కానీ, అంతకంటే ఆ గురువారం చూసింది ఎక్కువగా కళ్ళ ముందు కదులుతోంది.

ఖాసిం బండి ఊరి బస్సు స్టాపు దగ్గర ఆగింది, టీ కోసం. శ్రీశైలం బస్సు వచ్చింది. చేతిసంచితో ఆదెమ్మ ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, పిల్లలా, ముందు సీటు కడ్డీ రెండు చేతులా పట్టుకుంది. కండక్టరు బెల్లు తాడు మీద చెయ్యి వేసి ఆమెను అడిగాడు:

"ఎవరన్నా రావాలా అమ్మా మీకు? ఆపమంటారా?"

ఆమె వెనక్కి తిరిగి రోడ్డు చూసింది. ఖాళీ రోడ్డు.

"ఎవురూ రావొద్దు. పోనియ్యి."